పదిహేను మిల్లీమీటర్ల ఎత్తు నుంచి

జనవరి మొదట్లో

చిన్నప్పుడు నాన్న నన్నూ అక్కనూ తీసుకెళ్ళే విమానాల మ్యూజియంలో ఒక పెద్ద హాలు ఉండేది. దాన్ని ఇప్పుడు బల్ల మీద కడుతున్నాను. స్కేలు 1/72, అంటే అసలు విమానంలో ఆరడుగులు ఇక్కడ ఒక అంగుళం. ఆ హాల్లో ఉన్నాయని గట్టిగా గుర్తున్న విమానాలన్నిటికీ ఈ స్కేలులో ప్లాస్టిక్ కిట్లు ఉన్నాయి కాబట్టి దీన్నే ఎంచుకున్నాను. మధ్యలో డకోటా రవాణా విమానం, దానికి ఒక పక్క నాట్ అనే చిన్న యుద్ధవిమానం, వెనక మిగ్-21 యుద్ధవిమానం, మూల బెల్ 47 హెలికాప్టర్.

కింద 90 సెంటీమీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ప్లైవుడ్ వేశాను. లెక్క వేస్తే అది 65 మీటర్ల పొడవు, 43 మీటర్ల వెడల్పు ఉన్న హాలు. డకోటా రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు 29 మీటర్లు, బల్ల మీద 40 సెంటీమీటర్లు. మిగతా వాటికి చోటు సరిపోతుంది.

పైనుంచి చూసే డయోరామా, అంటే మోడళ్ళతో కట్టే చిన్న దృశ్యం, నాకు వద్దు. మామూలుగా అలాగే చేస్తారు, బాగానే ఉంటాయి కూడా. కానీ పైనుంచి చూసిన హాలు నేను చూసిన హాలు కాదు. నాకు గుర్తున్నవి విమానాల పొట్టలు, టైర్లు, చక్రాలు ముడుచుకునే గూళ్ళు, ఇంజన్ల కింద పెట్టిన నూనె ట్రేలు. అందుకని ఒక గోడలో చిన్న కంత పెడతాను. ఆ వయసు పిల్లాడి కన్ను ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తులో. లోపలికి చూడాలంటే అందులోంచే చూడాలి.

ఇంకో నియమం కూడా పెట్టుకున్నాను. నేను చూశానని తెలిసినదానికే రంగు. మిగతాదంతా గ్రే ప్రైమర్‌తో, అంటే రంగుకు ముందు వేసే బూడిదరంగు పూతతో, ఉంచేస్తాను. డకోటా రెక్కల పైభాగం నేను ఎప్పుడూ చూడలేదు. అది గ్రేగానే ఉంటుంది.

జనవరి, కంటి ఎత్తు లెక్క

కంత ఎక్కడ పెట్టాలో ఊహతో తేల్చడం ఇష్టం లేదు. అదృష్టం కొద్దీ ఒక ఫొటో ఉంది. డకోటా ఎడమ చక్రం పక్కన నేను నిలబడి ఉన్నాను, చెయ్యి టైరు మీద ఉంది. ఆ టైరు వ్యాసం దాదాపు 45 అంగుళాలు, అంటే 114 సెంటీమీటర్లు. విమానం బరువుకు కింద కాస్త నలిగి ఉంటుంది కాబట్టి నేల నుంచి టైరు పైఅంచు 110 దగ్గర ఉంటుందనుకోవచ్చు. ఫొటోలో నా కళ్ళు సరిగ్గా ఆ పైఅంచుతో సమానంగా ఉన్నాయి. 110ని 72తో భాగిస్తే 15 మిల్లీమీటర్లు.

ఈ అంకె తేలాక చాలా విషయాలు వాటంతట అవే తేలిపోయాయి. కళ్ళ ఎదురుగా టైరు. తల పైకెత్తితే ఇంజన్ గూడు. మూడున్నర మీటర్ల వ్యాసం ఉన్న ప్రొపెల్లర్ కొస తలకు పైన ఎక్కడో. విమానం ముక్కు అయితే ఇంకా పైన, పైకప్పు వెలుతురులో కలిసిపోయి. ముక్కు ఎలా ఉండేదో ఎంత తలచుకున్నా గుర్తుకు రాక ఇన్నాళ్ళూ బాధపడేవాణ్ణి. డకోటా తోకచక్రం మీద కూర్చునే విమానం, ముక్కు ఆకాశం వైపు ఉంటుంది. ఆ పక్కన నిలబడ్డ పిల్లాడికి అది కనిపించదు.

ఫిబ్రవరి, మూడు పటాలు

నా జ్ఞాపకం ఒక్కదాన్నే నమ్మి కట్టడం సరికాదనిపించింది. అక్కకూ నాన్నకూ ఫోన్ చేసి హాలు పటం గీసి పంపమన్నాను. నా పటం వాళ్ళకు ముందు చూపించలేదు. చూపిస్తే వాళ్ళ జ్ఞాపకం నాదాని వైపు జరుగుతుంది. ఎవరితోనైనా కలిసి పాత సంగతులు నెమరేసుకునేటప్పుడు జరిగేది ఇదే, ఒకరు గట్టిగా చెబితే రెండోవాళ్ళకు అదే కనిపించడం మొదలవుతుంది.

మూడు పటాల్లోనూ డకోటా మధ్యలోనే ఉంది. హెలికాప్టర్ మూలనే ఉంది. మిగ్ తోక గోడ వైపు ఉందని ముగ్గురం గీశాం. తలుపు మాత్రం నాకు ఎడమ వైపు, అక్కకు ఎదురుగా. నాన్న రెండు తలుపులు గీశారు, బహుశా అదే నిజం.

డకోటా లోపలికి ఎక్కే మెట్ల దగ్గర అక్కకీ నాకూ గట్టి వాదనే జరిగింది.

"ఒరేయ్, మెట్లు పసుపురంగువి కాదురా, ఎర్రవి. నా గౌను అంచు చిరిగింది ఆ ఎర్రమెట్ల మీదే."

"హెలికాప్టర్ పక్కన ఉండే స్టూలు గురించి చెబుతున్నావేమో అక్కా."

"నీకు అప్పటికి బూట్ల లేసు కట్టుకోవడం కూడా రాదు. నాకు బాగా గుర్తుంది."

ఇద్దరిలో ఎవరిది నిజమో తేల్చే ఫొటో లేదు. మెట్లు గ్రే ప్రైమర్‌తోనే నిలబడతాయి.

నాన్న పటం చూస్తే ఆశ్చర్యమేసింది. విమానాలు చిన్నచిన్న గీతలు, వాటి ముందున్న బోర్డులు మాత్రం ఒక్కొక్కటీ శ్రద్ధగా గీశారు. ఏ బోర్డు మీద ఏం రాసి ఉండేదో కూడా రాశారు. "అన్నీ చదివి వినిపించాను కదరా, 14 సిలిండర్లు, 1,200 హార్స్‌పవర్ అని. ఒక్కటీ గుర్తులేదా?" అన్నారు. నాకు గుర్తున్నది బోర్డుల కింది భాగం, ఇనుప కాళ్ళు, వాటి మధ్య కట్టిన తాడు. ఒకే హాలు, మూడు ఎత్తుల నుంచి చూశాం. పెద్దవాళ్ళ కంటి ఎత్తులో పెట్టిన బోర్డు పిల్లలకు చదివి వినిపించాల్సిందే. నా మోడల్లో బోర్డుల మీద అక్షరాలు లేవు. 15 మిల్లీమీటర్ల ఎత్తు నుంచి చూస్తే అవి వట్టి తెల్ల పలకలు.

ఫిబ్రవరి నుంచి మార్చి వరకు, డకోటా

ఎక్కువ రోజులు దీనికే పట్టాయి, పట్టాలి కూడా.

కిట్‌లో చక్రాల గూళ్ళు ఖాళీ డబ్బాల్లా వస్తాయి. పైనుంచి చూసే మోడల్‌కు అది చాలు. నా కంతలోంచి చూస్తే మొట్టమొదట కనిపించేదే ఆ గూడు. అసలు విమానంలో అక్కడ నూనె గొట్టాలు, తీగలు, చక్రాన్ని పైకి లాగే కడ్డీలు, ఇంజన్ వెనక గోడ, అన్నీ బయటికే కనిపిస్తాయి. కిట్ ముక్కలు అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ చట్రాన్ని, అదే స్ప్రూని, కొవ్వొత్తి మీద వేడిచేసి మెల్లగా లాగితే వెంట్రుకంత సన్నని తీగ వస్తుంది. గొట్టాలన్నీ దాంతోనే చేశాను. కొంచెం మందం కావాల్సిన చోట రాగితీగ వాడాను.

డకోటా చక్రాలు పైకి ముడిచినా పూర్తిగా లోపలికి పోవు. ఎగిరేటప్పుడు కూడా కొంత భాగం గూటి బయటే ఉంటుంది. చక్రాలు దించకుండా పొట్ట మీద దిగాల్సి వస్తే బయటికి ఉన్న ఆ టైర్లే ముందు నేలను తాకి నష్టం తగ్గిస్తాయి. ఈ సంగతి నాన్న అప్పుడే చెప్పారు, గూటికి తలుపులు ఎందుకు లేవని నేను అడిగితే. నాన్న చెప్పినవాటిలో నాకు మిగిలింది ఇదొక్కటే. మిగిలిందీ చక్రాల గురించే.

డకోటా డీసీ-3 అనే ప్రయాణికుల విమానానికి సైనిక రూపం. డీసీ-3 మొదటిసారి ఎగిరింది 1935 డిసెంబరు 17న. రైట్ సోదరుల మొదటి ప్రయాణం 1903లో అదే తేదీన. మధ్యలో 32 ఏళ్ళే. 12 సెకన్ల పాటు గాలిలో నిలిచిన చెక్క, గుడ్డల యంత్రం నుంచి ఇంత లోహం ఎగరడానికి పట్టిన కాలం అది. కిట్ డబ్బా మీద బొమ్మ చూసినప్పుడల్లా నాకు ఆ 32 ఏళ్ళే గుర్తొస్తాయి.

గుడ్డ డకోటాలోనూ ఉంది. శరీరం, రెక్కలు అల్యూమినియం రేకు. రెక్కల చివర కదిలే ఐలరాన్లకు, తోక మీద రడ్డరుకు, ఎలివేటర్లకు మాత్రం బిగించి రంగు పూసిన గుడ్డే. కింద నుంచి చూస్తే ఆ గుడ్డ వెనక ఉన్న పక్కటెముకలు వరుసగా గీతల్లా తేలతాయి. రెక్క చివర్లో గీతలున్నాయని నా జ్ఞాపకంలో ఉండేది, ఎందుకో తెలిసేది కాదు. కిట్ రెక్క మీద ఆ గీతలు మరీ లోతుగా ఉన్నాయి. ముందు 600, తర్వాత 1000 నంబరు ఉప్పుకాగితంతో తడిపి రుద్ది సగానికి తగ్గించాను.

రివెట్ల సంగతి ఎక్కువ ఆలోచించాల్సి వచ్చింది. డకోటా రేకు మీద రివెట్ల తలలు ఉబ్బెత్తుగా ఉంటాయి, చేత్తో తడిమితే తెలుస్తాయి. చెయ్యి అందినంత మేర వాటి మీద వేళ్ళు నడిపించుకుంటూ విమానం పొడుగునా తిరగడం నాకు కంటితో చూసినవాటికంటే బాగా గుర్తు. ఆరు మిల్లీమీటర్ల రివెట్ తల ఈ స్కేలులో మిల్లీమీటరులో పదోవంతు కూడా కాదు. కొలత ప్రకారం పోతే కనపడవు. అయినా తోక వైపు, పిల్లాడి చెయ్యి అందే ఎత్తు వరకు, రెసిన్ చుక్కలున్న డీకాల్ షీటు, అంటే తడిపి అంటించే పలచని స్టిక్కరు, కత్తిరించి అంటించాను. అంతకు పైన లేవు. స్కేలుకు కాస్త పెద్దవే అవి. ఉండాలి. వేళ్ళకు తెలిసినంత పెద్దగా కంటికి కనపడాలి.

మార్చి చివర, రంగు ఏది

ఆ డకోటాకు తర్వాతి కాలంలో కొత్త రంగు వేశారు. ఈమధ్య తీసిన ఫొటోల్లో పొట్ట నిగనిగలాడుతోంది. నేను చూసినప్పుడు వెండిరంగు వెలిసి సుద్దలా అయిపోయి, తాకితే చేతికి అంటుకునేది. ఏది వేయాలన్న సందేహం నాకు రాలేదు. వెలిసినదే.

అసలు మ్యూజియంలో ఉన్న విమానానికి అసలు రూపం అంటే ఏమిటన్నది తేలికైన ప్రశ్న కాదు. అమెరికాలోని స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉన్న 1903 నాటి రైట్ ఫ్లయర్‌కే గుడ్డ మారింది. లండన్ సైన్స్ మ్యూజియానికి పంపే ముందు 1927లో ఒకసారి, మళ్ళీ 1985లో ఒకసారి. కర్ర అదే, గుడ్డ వేరు. దాని ముందు నిలబడి చూసినవాళ్ళు ఒక్కో తరంలో ఒక్కో గుడ్డను చూశారు. వాళ్ళలో ఎవరి జ్ఞాపకమూ అబద్ధం కాదు.

వెలిసిన వెండిరంగు కోసం వెండిలో కొంచెం తెలుపు, చిటికెడు లేతగోధుమ కలిపాను. ఈ స్కేలులో అసలు రంగు యథాతథంగా వేస్తే ముదురుగా కనిపిస్తుంది. దూరం నుంచి చూసే వస్తువు రంగు గాలి వల్ల లేతబడుతుంది కదా, చిన్న మోడల్‌కు ఆ లేతదనం మనమే కలపాలి. అయితే నా కంత దగ్గర నుంచి చూసేది కాబట్టి టైరు పక్కన తక్కువగా, తోక వైపు పోయే కొద్దీ ఎక్కువగా తెలుపు కలిపాను. రంగును గాలితో చిమ్మే ఎయిర్‌బ్రష్‌లో గాలి ఒత్తిడి బాగా తగ్గించి పలచగా పొరలు పొరలుగా కొడితే ఆ తేడా ఎక్కడా గీత పడకుండా వచ్చింది. ఈ ప్రాజెక్టులో ఇప్పటిదాకా నాకు బాగా నచ్చిన పని ఇదే.

ఇంజన్ల కింద రెండు ట్రేలు పెట్టాను. వృత్తాకారంలో సిలిండర్లు అమర్చిన ఇంజన్ ఆగి ఉన్నప్పుడు నూనె మెల్లగా కింది సిలిండర్లలోకి దిగుతుంది. అందుకే ఎగిరే రోజుల్లో ఇంజన్ స్టార్ట్ చేసే ముందు ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పి చూసేవారు. కింది సిలిండర్‌లో నూనె నిండి ఉంటే పిస్టన్ కదలదు, బలవంతంగా తిప్పితే పిస్టన్‌కు తగిలించిన కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. మ్యూజియానికి వచ్చాక కూడా మిగిలిన నూనె ఏళ్ళ తరబడి కారుతూనే ఉంటుంది. ఆ ట్రేల్లో నల్లగా మెరిసే నూనెలో పైకప్పు కిటికీలు కనిపించేవి. నల్లరంగు మీద మెరిసే వార్నిష్ మందంగా పోశాను. కిటికీల నీడ దానంతటదే పడుతోంది.

ఏప్రిల్, కోసి చూపించిన ఇంజన్

డకోటా పక్కన ఒక ఇంజన్‌ని సగానికి కోసి, బటన్ నొక్కితే తిరిగేలా పెట్టారు. ప్రాట్ అండ్ విట్నీ ఆర్-1830 అన్నది నాన్న పటంలోని బోర్డు వల్ల తెలిసింది. వ్యాసం 48 అంగుళాలు, నా బల్ల మీద 17 మిల్లీమీటర్లు. 14 సిలిండర్లు, ఏడేసి చొప్పున రెండు వరుసలు.

ఒక్కో వరుసలో ఏడే ఎందుకు, ఆరో ఎనిమిదో ఎందుకు కాదు? నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో ప్రతి సిలిండర్ రెండు చుట్లకు ఒకసారి పేలుతుంది. ఒకటి వదిలి ఒకటి పేల్చుకుంటూ పోతే, ఏడు ఉన్నప్పుడు మొదటి చుట్టులో 1, 3, 5, 7, రెండో చుట్టులో 2, 4, 6 వస్తాయి. మళ్ళీ 1. మధ్య దూరం ఎప్పుడూ సమానమే. సరిసంఖ్య అయితే ఒకటి వదిలి ఒకటి అనే లెక్క రెండో చుట్టులో మళ్ళీ అవే సిలిండర్ల మీదికి వచ్చి పడుతుంది. ఇంకో అందమైన సంగతి కూడా ఉంది. ఏడు పిస్టన్ల రాడ్లనూ ఇంజన్ మధ్యలో తిరిగే క్రాంక్ షాఫ్ట్‌కు నేరుగా తగిలించరు. ఒక పెద్ద రాడ్ మాత్రమే క్రాంక్‌ను పట్టుకుంటుంది, మిగతా ఆరూ దాని చుట్టూ పిన్నులతో వేలాడతాయి. బటన్ నొక్కగానే అది మధ్యలో ఊగుతుంటే మిగతావి ఒకదాని తర్వాత ఒకటి కదలడం నేను నోరు తెరుచుకుని చూసేవాణ్ణి. పేరు తెలియదు, పని తెలియదు, కదలిక మాత్రం ఇప్పటికీ వేలితో గాలిలో గీసి చూపించగలను.

17 మిల్లీమీటర్లలో ఆ రాడ్లన్నీ కదిలేలా చెయ్యడం నా చేతిలో లేని పని. రెసిన్ ఇంజన్ ఒకటి తీసుకుని ముందు వరుసలో రెండు సిలిండర్లు సన్నని కత్తితో తెరిచి, లోపల పిస్టన్లకు వెండిరంగు, కోసిన అంచులకు ఎరుపు వేశాను. క్రాంక్ మాత్రం కింద దాచిన చిన్న గేరు మోటారుతో తిరుగుతుంది, నిమిషానికి నాలుగైదు చుట్లు. 15 మిల్లీమీటర్ల ఎత్తు నుంచి చూస్తే సరిపోతుంది.

ఏప్రిల్, మిగతావి

నాట్ త్వరగా అయిపోయింది. రెక్కలు 6.73 మీటర్లు, బల్ల మీద తొమ్మిదిన్నర సెంటీమీటర్లకు మించదు. డకోటా పక్కన పెడితే పిల్లలకోసం చేసిన విమానంలా ఉంటుంది. కాళ్ళు పొట్టివి కాబట్టి నాన్న ఎత్తుకుంటే కాక్‌పిట్‌లోకి కనిపించేది. దాని చక్రాల తలుపులను కొంచెం దించితే గాలి బ్రేకులుగా పనిచేస్తాయి. ఒకే భాగానికి రెండు పనులు చెప్పి బరువు తగ్గించారు. తలుపులు సగం తెరిచే అంటించాను.

కాక్‌పిట్ లోపల డయల్స్ ఆకుపచ్చగా వెలిగేవని నా జ్ఞాపకం. ఇక్కడ నా జ్ఞాపకాన్ని పక్కన పెట్టాను. ఆ కాలంలో డయల్ అంకెలకు వాడిన రేడియం పెయింట్‌లో వెలుగు వచ్చేది జింక్ సల్ఫైడ్ వల్ల. రేడియం అర్ధాయుష్షు 1600 ఏళ్ళు, కానీ దాని దెబ్బకు జింక్ సల్ఫైడ్ కొన్ని దశాబ్దాల్లోనే పాడైపోతుంది. రేడియోధార్మికత ఉంటుంది, వెలుగు ఉండదు. అందుకే మ్యూజియాల్లో పాత కాక్‌పిట్లను రేడియోధార్మికతను కొలిచే గైగర్ కౌంటర్‌తో పరీక్షిస్తారు. మేం చూసేనాటికి అవి వెలిగే అవకాశం చాలా తక్కువ. మిల్లీమీటరు వెడల్పున్న డయల్స్ మీద అంకెలకు మాగిన పసుపురంగు చుక్కలు పెట్టాను.

మిగ్-21కి తోక గొట్టం ఒక్కటే శ్రద్ధగా చేశాను, ఎందుకంటే అందులో తల పెట్టి అరిస్తే ప్రతిధ్వని వచ్చేది. ముక్కులో ఉండే శంకువు ముందుకూ వెనక్కూ జరిగి, ధ్వని వేగం దాటినప్పుడు లోపలికి వచ్చే గాలిని ఇంజన్‌కు తగ్గట్టు సర్దుతుంది. దానికి మాత్రం ఎర్రని తొడుగు వేసి ఉండేది. తొడుగే చేశాను.

బెల్ 47 గాజుబుడగ దగ్గర జాగ్రత్తగా ఉన్నాను. సూపర్‌గ్లూ ఆవిరి తగిలితే పారదర్శకమైన ప్లాస్టిక్ మసకబారుతుంది. తెల్ల పీవీఏ గమ్ వాడితే ఆ టెన్షన్ లేదు. 1946 మార్చి 8న పౌర వినియోగానికి అనుమతి పొందిన మొదటి హెలికాప్టర్ ఇదే. అక్కకు ఆ హాల్లో అన్నిటికంటే ఇష్టమైనది కూడా ఇదే కాబట్టి దీని రంగులన్నీ తను చెప్పినవే వేశాను.

మే మొదట్లో

కంతలోంచి కన్ను పెట్టి చూడొచ్చు కానీ ఫొటో తీయడం కష్టం. ఫోన్ మామూలుగా నిలబెడితే లెన్స్ చాలా ఎత్తులో ఉంటుంది. ఫోన్‌ను తలకిందులుగా పెడితే లెన్స్ నేలకు దగ్గరగా వస్తుంది. గోడ తీసేసి అలా తీస్తే టైరు పక్క నుంచి తోక దాకా దాదాపు అంతా స్పష్టంగా వచ్చింది. ఆ ఫొటో అక్కకు పంపితే, "నువ్వు నిలబడ్డ చోటు ఇదే కదా" అంది. మెట్ల రంగు గురించి మళ్ళీ అడగలేదు.

పైకప్పుకు ఒక విమానం వేలాడుతూ ఉండేది. ముగ్గురికీ గుర్తుంది, ఏదో మాత్రం ఎవరికీ తెలియదు. నాన్న ఒకదాని మీద ఒకటి రెండు రెక్కలు గీశారు, అక్క ఒకటే గీసింది. కింద రెండు చక్రాలున్నాయని అందరం ఒప్పుకున్నాం. గ్రే ప్రైమర్ వేసిన సాదా ఆకారం ఒకటి వేలాడదీసి, చక్రాలకు మాత్రం నల్లరంగు వేశాను.

నాన్న వచ్చే వారం చూడటానికి వస్తున్నారు. ఎదురుగోడలో ఇంకో కంత వేయాలి, 22 మిల్లీమీటర్ల ఎత్తులో. అక్కడి నుంచి చూస్తే బోర్డులు సరిగ్గా కళ్ళకు ఎదురుగా వస్తాయి, కాబట్టి ఆయన పటంలో రాసిన మాటలన్నీ డీకాల్ కాగితం మీద ప్రింట్ చేసి అంటించాలి. అక్షరం ఎత్తు అర మిల్లీమీటరు కంటే తగ్గితే మా ప్రింటర్ చెదరగొడుతుంది, ఆ పని బయట చేయించాలి.